టైటిల్ మీద మచ్చ

2018 చివర. హ్యూస్టన్ శివార్లలోని కేటీ.

ఇండియాకు తిరిగొచ్చేస్తున్న ఓ తెలుగు ఇంజినీరు ఇంట్లో సామాన్లన్నీ అమ్ముడుపోయాయి. మిగిలింది లెక్సస్ సెడాన్ ఒక్కటే. బండి తళతళలాడుతోంది. చిక్కల్లా టైటిల్ (యాజమాన్య పత్రం) మీది మాటతోనే: 'రీబిల్ట్ శాల్వేజ్'.

ఆయన చేతికి రాకముందు ఆ కారును ఎవరో వెనక నుంచి గుద్దారు. బాగుచేసే ఖర్చు బండి విలువను మించితే టెక్సస్‌లో శాల్వేజ్ ముద్ర పడుతుంది. మరమ్మతు చేయించి, కాగితాలు దాఖలు చేస్తే మళ్లీ రోడ్డెక్కించవచ్చు. ముద్ర మాత్రం పోదు.

"అడిగితే చెబుదాం లెండి" అంది భార్య.

"అడక్కపోయినా చెప్పాల్సిందే" అన్నాడాయన.

మొదట వచ్చినాయన ఆ మాట వింటూనే తాళాలు తిరిగిచ్చేశాడు. మర్నాడు కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాడొకడు వచ్చాడు.

"అన్నా, హార్వీ నీళ్లలో మునిగిన బండి కాదుగా?"

2017 ఆగస్టులో హార్వీ తుపాను ఊరిని ముంచెత్తాక అక్కడ పాత కారు కొనేవాళ్లకు ముందు పుట్టే అనుమానం అదే.

"నా మాట నమ్మకు తమ్ముడూ, నువ్వే చూసుకో."

కుర్రాడు సీటు బెల్టును చివరికంటా లాగాడు. బురద మరక లేదు. డిక్కీలో స్టెప్నీ తీసి అడుగంతా తడిమాడు. తుప్పు లేదు కానీ, ఓ మూల వెల్డింగ్ గీత వేళ్లకు తగిలింది. తలెత్తి చూశాడు.

"దెబ్బ తగిలింది అక్కడే" అంటూ ఆయన ఫైలు తెరిచాడు. నుజ్జయిన డిక్కీ ఫొటోలు, విడిభాగాల రసీదులు వరసగా ఉన్నాయి. "మెకానిక్‌కి చూపించుకో. కొన్ని బీమా కంపెనీలు ఇలాంటి బండికి పూర్తి బీమా ఇవ్వవు, ముందే కనుక్కో. లోను దొరకడమూ కష్టమే."

"ఇన్ని చెబితే ఎవరు కొంటారన్నా?"

"తెలిసినవాడే కొనాలి. రేపు నువ్వు అమ్మినా ఈ ముద్ర ఉంటుంది. అందుకే ధర తగ్గించాను."

మచ్చలేని బండి పలికే ధరలో మూడో వంతు తగ్గించాడు. మెకానిక్ సరేనన్నాక బేరం కుదిరింది.

అందరూ ఇలా ఫైలు తెరిచి చూపించరు. బండిని మరో రాష్ట్రానికి తీసుకెళ్లి, ముద్ర లేని టైటిల్ పుట్టించే ఘనులున్నారు. అమెరికాలో పాత కారు కొనే తెలుగువారూ, బండి వీఐఎన్ (గుర్తింపు సంఖ్య)తో ఎన్‌ఎంవీటీఐఎస్ (జాతీయ వాహన టైటిల్ సమాచార వ్యవస్థ) నివేదిక తీయించాకే డబ్బు చేతిలో పెట్టండి.