జింకపిల్ల అడిగిన ప్రశ్న

నాస్తికత్వం అనగానే మనకి గోరా గుర్తొస్తారు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో ఆయన స్థాపించిన నాస్తిక కేంద్రం 1947లో విజయవాడకి మారింది. ఆయన పోరు అంటరానితనం మీద, తలరాత అనే నమ్మకం మీద. అమెరికా విశ్వవిద్యాలయాల్లో క్రైస్తవ మతతత్త్వానికీ నాస్తిక తత్త్వానికీ జరిగిన వాదం తీరు వేరు. అందులో నన్ను బాగా ఆలోచింపజేసిన ఘట్టం ఒకటి చెబుతాను.

దేవుడు సర్వశక్తిమంతుడూ దయామయుడూ అయితే లోకంలో ఇంత చెడు ఎందుకుంది? ఈ ప్రశ్నకి మన వేదాంతులు పూర్వజన్మ కర్మను జవాబుగా చూపారు. బ్రహ్మసూత్రాల్లోనే ఈ చర్చ ఉంది. పూర్వజన్మను ఒప్పుకోని క్రైస్తవానికి ఆ వెసులుబాటు లేదు.

దేవుడి శక్తి, దయ, లోకంలోని చెడు, ఈ మూడూ తర్కానికి పొసగవని ఆస్ట్రేలియాలో పుట్టిన జె. ఎల్. మాకీ 1955లో వాదించాడు. దానికి మిషిగన్‌లోని కాల్విన్ కాలేజీ ఆచార్యుడు ఆల్విన్ ప్లాంటింగా 1974లో గట్టి సమాధానం చెప్పాడు. మనిషికి నిజంగా స్వేచ్ఛ ఇచ్చాక, అతడు ఎప్పుడూ మంచే చేసేట్టు చూడటం దేవుడికైనా సాధ్యం కాకపోవచ్చు. చెడు ఎందుకుందో తాను చెప్పనక్కర్లేదనీ, రెండూ కలిసి ఉండే వీలుందని చూపితే చాలనీ ఆయన వాదం.

ఇండియానాలోని పర్‌డ్యూ విశ్వవిద్యాలయంలో పనిచేసిన నాస్తికుడు విలియం రో ఈ జవాబులో బలం ఉందని ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, 1979లో ప్రశ్ననే మార్చాడు. అడవిలో పిడుగు పడి మంటలు లేచాయి. ఒక జింకపిల్ల ఒళ్ళు కాలి, కొన్ని రోజులు నరకయాతన పడి చచ్చిపోయింది. చూసినవాళ్ళెవరూ లేరు. ఇందులో ఏ మనిషి స్వేచ్ఛ ఉంది? ఎవరికి మేలు జరిగింది? దేవుడు లేడనడానికి ఇది తిరుగులేని రుజువు కాకపోయినా, బలమైన కారణమే అన్నాడు రో.

పెద్దల ఉద్దేశాలు పసిబిడ్డకి తెలియనట్టే దేవుడి కారణాలు మనకి తెలియవని 1984లో స్టీఫెన్ విక్‌స్ట్రా బదులిచ్చాడు. నాకు ఇది తృప్తినివ్వలేదు. ఆయన కారణాలు మనకంత అందనివైతే, ఆయన దయామయుడని మాత్రం ఎలా తెలిసింది?

రో అదే వ్యాసంలో 'స్నేహపూర్వక నాస్తికత్వం' అనే మాట వాడాడు. ఎదుటివాడు పొరబడ్డాడని అనుకుంటూనే, అతని నమ్మకం కూడా హేతుబద్ధమైనదే కావచ్చునని ఒప్పుకోవడం దాని అర్థం. యౌవనంలో మతబోధకుడు కావాలనుకున్న మనిషి అన్న మాట ఇది. దేవుడి ప్రసక్తి రాగానే గొంతులు పెంచే మన సాహితీ సమావేశాల్లో ఈ మాట తలుచుకోదగ్గది.