అద్దకపు మురుగునీటి సూక్ష్మజీవ శుద్ధి

నూలుకూ బట్టకూ రంగు వేశాక మిగిలే నీటిలోని కృత్రిమ రంగులను బ్యాక్టీరియా, బూజు, నాచు వంటి జీవుల చేత విడగొట్టించే పద్ధతి. తెలుగునాట ఈ పరిశోధన సాగిన చోట్లలో ముఖ్యమైనది తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ). అవసరం మాత్రం పుట్టింది నగరంలో కాదు, మగ్గాలున్న ఊళ్లలో.

మచిలీపట్నం, నిజాంపట్నం తీరాన ఒకప్పుడు ఎరుపు రంగు చిరివేరు అనే మొక్క వేరు నుంచే వచ్చేది. 1856లో విలియం పెర్కిన్ ఊదారంగును ప్రయోగశాలలో తయారుచేశాడు. 1869 కల్లా చిరివేరు ఎరుపుకు మూలమైన అలిజరిన్ కూడా బొగ్గు తారు నుంచి రావడం మొదలైంది. చీరాల తేలియా రుమాళ్లకు తర్వాత అదే ఆధారమైంది. అంతకన్నా పెద్ద మార్పు తెచ్చినవి అజో రంగులు. 1858లో పీటర్ గ్రీస్ కనిపెట్టిన రసాయన చర్య వీటికి పునాది. రెండు నత్రజని పరమాణువుల మధ్య జంట బంధం వీటి ప్రాణం. నేడు వాడుకలో ఉన్న కృత్రిమ రంగుల్లో సగానికి పైగా ఇవే.

ఈ బంధం ఎలా పుడుతుందో పోచంపల్లి వైపు నాఫ్తాల్ అద్దకంలో కంటితో చూడవచ్చు. చిటికి కట్టిన నూలును ముందు నాఫ్తాల్ నీటిలో ముంచి పిండుతారు. అప్పటికి దానికి చెప్పుకోదగ్గ రంగు ఉండదు. రెండో తొట్టిలోని డయాజో లవణంలో ముంచగానే ఎరుపో మెరూనో విచ్చుకుంటుంది. నేతగాడి వాకిట్లో, పోగు లోపలే అజో బంధం ఏర్పడిందన్నమాట. 1956లో మార్కెట్లోకి వచ్చిన రియాక్టివ్ రంగుల సంగతి వేరు. వాటిలో కొన్ని సగం దాకా నూలుకు పట్టకుండా నీటిలోనే ఉండిపోతాయి. ఆ నీటి నిండా ఉప్పు, సోడా.

మామూలు మురుగు శుద్ధికి ఈ రంగులు లొంగవు. గాలి ఊదుతూ బ్యాక్టీరియాను పెంచే పద్ధతి 1914లో మాంచెస్టర్‌లో రూపుదిద్దుకుంది. 1991లో ప్రచురితమైన అమెరికా అధ్యయనం 18 అజో రంగులను ఆ పద్ధతికి పెట్టి చూస్తే, 11 ఇంచుమించు చెక్కుచెదరకుండా బయటికొచ్చాయి. నాలుగు మడ్డికి అంటుకున్నాయి. విరిగినట్టు కనిపించినవి మూడే.

కీలకం గాలి లేని చోట ఉంది. దాని తొలి సూచన వైద్యం నుంచి రావడం విశేషం. గెర్హార్డ్ డోమాక్ మందుగా నిరూపించిన ఎర్రటి అజో రంగు ప్రోంటోసిల్, ఒంట్లోకి వెళ్లాక విరిగి సల్ఫనిలమైడ్ అవుతుందని 1935లో పాశ్చర్ సంస్థ శాస్త్రవేత్తలు తేల్చారు. ఆ విరుపులో పేగుల్లోని బ్యాక్టీరియాది పెద్ద పాత్ర అని తర్వాత తెలిసింది. మురుగు శుద్ధి తొట్టిలోనూ జరిగేది అదే. ఆక్సిజన్ లేనప్పుడు బ్యాక్టీరియా తన ఎలక్ట్రాన్లను అజో బంధానికి అప్పజెబుతుంది, బంధం తెగుతుంది, రంగు పోతుంది. మిగిలేవి ఆరోమాటిక్ అమైన్లు. వాటిలో కొన్ని క్యాన్సర్ కారకాలు. వీటిని విడగొట్టడానికి మళ్లీ గాలి కావాలి. ఈ రెండంచెల క్రమంతో ఒక అజో రంగును పూర్తిగా విచ్ఛిన్నం చేయవచ్చని స్టట్‌గార్ట్ బృందం 1991లో చూపింది.

కుళ్లిన కట్టె మీద పెరిగే తెల్లకుళ్లు బూజు మరో దారి. కట్టెలోని లిగ్నిన్‌ను విడగొట్టే దాని ఎంజైములు 1983లో బయటపడ్డాక ఆశలు చాలా పెరిగాయి. కానీ ఆ బూజుకు పులుపు నీరు కావాలి, అద్దకపు నీరేమో గాఢమైన క్షారం. పైగా మురుగులో బ్యాక్టీరియా దాన్ని బతకనివ్వదు. అందుకే అది ఎక్కువగా ప్రయోగశాలకే పరిమితమైంది.

తెలుగు శాస్త్రవేత్తల్లో ఎస్. వెంకటమోహన్, సహచరులు 2002లో చెరువుల్లో కనిపించే స్పైరోగైరా నాచుతో రియాక్టివ్ ఎల్లో 22 అనే అజో రంగు తొలగింపును ప్రచురించారు. నాచు రంగును పీల్చుకోవడమే కాక కొంత మార్చేస్తుందని కూడా అందులో చెప్పారు. ఆయనకు 2014లో శాంతిస్వరూప్ భట్నాగర్ పురస్కారం వచ్చింది. 2005లో హైదరాబాద్ జేఎన్‌టీయూకు చెందిన వై. ఆంజనేయులు బృందం, పరిశ్రమల వ్యర్థజలాల రంగు తీసే పద్ధతులన్నిటినీ ఒకచోట సమీక్షించింది.

ఈ రంగంలో అచ్చయ్యే పత్రాల్లో చాలావాటికి ఒకటే లోపం. ఒకే రంగు కలిపిన శుభ్రమైన నీటిలో అది ఎంత శాతం తగ్గిందో కొలిచి ఆగిపోతాయి. అసలు అద్దకపు నీటిలో నాలుగైదు రంగులు, ఉప్పు, సబ్బు కలగలిసి ఉంటాయి. అమైన్లు మిగిలాయా లేదా చూడకుండా రంగు పోయిందని చెప్పే పరీక్ష సగం పరీక్షే.