అర్దబీల్ తివాచీ

అర్దబీల్ తివాచీ 16వ శతాబ్దంలో పర్షియాలో (నేటి ఇరాన్) నేయబడిన సుప్రసిద్ధమైన తివాచీ. నిజానికి ఇది ఒకటి కాదు, ఒకే నమూనాలో నేసిన జంట తివాచీలు. వీటిలో పెద్దది లండన్ నగరంలోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలోను, చిన్నది అమెరికాలోని లాస్ ఏంజెలెస్ కౌంటీ కళా మ్యూజియంలోను ఉన్నాయి. నేసిన నాడు రెండూ జతగా సరితూగినవే. ఒకదాని చిరుగులను పూడ్చడానికి రెండవదానిని కోయడం వలన వీటి మధ్య ఇంత వ్యత్యాసం ఏర్పడింది. నేసిన సంవత్సరం స్పష్టంగా తెలిసిన తివాచీలలో అత్యంత ప్రాచీనమైన వాటిలో ఇది ఒకటి.

నేపథ్యం

అర్దబీల్ ఇరాన్ వాయవ్య భాగంలోని ఒక పట్టణం. సఫవీ వంశానికి మూలపురుషుడైన సూఫీ గురువు షేక్ సఫీ అల్ దీన్ (మరణం 1334) సమాధి ఇక్కడ ఉన్నది. ఆ వంశపు రెండవ రాజైన షా తహ్మాస్ప్ (పాలన 1524-1576) కాలంలో ఈ దర్గాను విస్తరింపజేశారు. ఆ సందర్భంలోనే ఈ తివాచీలను చేయించారని పండితుల అభిప్రాయం. 2010లో ఈ దర్గా సముదాయాన్ని యునెస్కో ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తించింది.

రూపకల్పన

తివాచీ నేల ముదురు నీలి రంగులో ఉంటుంది. దాని నిండా పూలతో కూడిన సన్నని తీగెలు మెలికలు తిరుగుతూ అల్లుకొని ఉంటాయి. నడుమ పసుపు రంగులో ఒక పెద్ద పతకం, దాని చుట్టూ మొనదేలిన 16 చిన్న కోలాకార పతకాలు ఉన్నాయి. నాలుగు మూలలలోను ఇదే పతకపు నాలుగవ వంతు కనిపిస్తుంది. అందువలన నీలి ఆకాశం వంటి నేల నాలుగు దిక్కులకూ కొనసాగుతున్నట్లు, మనకు కనిపించేది అందులో ఒక భాగం మాత్రమే అయినట్లు భ్రాంతి కలుగుతుంది. మనుష్యుల, జంతువుల బొమ్మలు ఎక్కడా లేవు. పవిత్ర స్థలానికి ఇది తగిన నమూనా.

నడిమి పతకానికి రెండు వైపుల రెండు దీపాలు వ్రేలాడుతున్నట్లు చిత్రించారు. వీటిలో ఒకటి పెద్దది, మరొకటి చిన్నది. చిన్న దీపం వైపు కూర్చున్న వారికి రెండూ సమానంగా కనిపించడానికే ఇలా చేశారని కొందరు చెబుతారు. పరిపూర్ణత భగవంతునికే చెందునన్న భావంతో కావాలనే ఉంచిన లోపమని మరికొందరి వాదన.

శాసనం

తివాచీ ఒక చివర చిన్న చట్రంలో అక్షరాలు నేయబడి ఉన్నాయి. ఇందులో కవి హాఫిజ్ గజల్ నుండి తీసుకొన్న ఒక ద్విపద, కాషాన్ నగరానికి చెందిన మఖ్సూద్ అనే వ్యక్తి పేరు, హిజ్రీ 946 (క్రీ.శ. 1539-40) అనే సంవత్సరం ఉన్నాయి. నేసిన ఊరి పేరు శాసనంలో లేదు. ఇంతటి పని ఒక్కరి వలన కాదు గనుక మఖ్సూద్ నేతగాడు కాక, పనిని నడిపించిన రూపకర్త అయి ఉండాలని భావిస్తున్నారు.

నేత

పడుగు, పేక రెండూ పట్టు దారాలు. వాటిపై ముడులు వేసినది ఉన్నితో. మొత్తం 10 రంగులు వాడారు. ఇవి దానిమ్మ తొక్క, నీలిమందు వంటి సహజ పదార్థాల నుండి తీసినవి. లండన్ తివాచీలో 10 సెంటీమీటర్ల చదరంలో సుమారు 5,300 ముడులున్నాయి. ఈ లెక్కన మొత్తం రెండున్నర కోట్లకు పైమాటే. ముడులు ఇంత దట్టంగా ఉన్నందువలననే సన్నని తీగెల వంపులు కూడా విరగకుండా, కలంతో గీసినట్లు వచ్చాయి.

విక్రయం, మరమ్మతులు

1843లో ఒక ఆంగ్ల యాత్రికుడు ఈ తివాచీని దర్గాలోనే చూశాడు. తరువాత దర్గా భూకంపం వలన దెబ్బతిన్నది. 19వ శతాబ్దం చివరి భాగంలో తివాచీలను మాంచెస్టరుకు చెందిన జీగ్లర్ అనే వర్తక సంస్థకు అమ్మివేశారు. అప్పటికే రెండూ బాగా అరిగిపోయి, చిరిగిపోయి ఉన్నాయి. రెండు చిరిగిన తివాచీల కంటె ఒక నిండు తివాచీకే ఎక్కువ ధర పలుకుతుంది గనుక, ఒకదాని నుండి ముక్కలు తీసి రెండవదానికి అతికించారు.

ఇలా నిండుగా చేసిన తివాచీని 1892లో లండన్‌లో విన్సెంట్ రాబిన్సన్ సంస్థ అమ్మకానికి పెట్టింది. దీనిని పరిశీలించిన ప్రముఖ రూపకర్త, కవి విలియం మోరిస్ మ్యూజియం దీనిని తప్పక కొనాలని సిఫారసు చేశాడు. 1893లో చందాల సహాయంతో 2,000 పౌండ్లకు కొన్నారు. రెండవ తివాచీ ఉన్నదన్న సంగతి అప్పట్లో బయటకు పొక్కనీయలేదు.

ఆ రెండవ తివాచీ అమెరికా ధనికుడు చార్లెస్ యెర్కెస్ చేతికి, అటుపిమ్మట మరికొందరి చేతులు మారి 1930ల చివర చమురు వ్యాపారి జె. పాల్ గెట్టి వద్దకు చేరింది. ఆయన దానిని 1953లో లాస్ ఏంజెలెస్ కౌంటీ మ్యూజియంకు బహూకరించాడు.

ప్రస్తుత స్థితి

* లండన్ తివాచీ: పొడవు సుమారు 10.5 మీటర్లు, వెడల్పు సుమారు 5.3 మీటర్లు. అంచులతో సహా నిండుగా కనిపిస్తుంది. అయితే అందులోని కొన్ని భాగాలు జంట తివాచీవి.
* లాస్ ఏంజెలెస్ తివాచీ: పొడవు సుమారు 7.2 మీటర్లు, వెడల్పు సుమారు 4 మీటర్లు. అసలు అంచులు, నేలలో కొంత భాగం పోయాయి. విస్తీర్ణంలో ఇది లండన్ తివాచీలో సగం కంటె కొద్దిగా మాత్రమే ఎక్కువ. శాసనం, సంవత్సరం ఇందులోనూ నిలిచి ఉన్నాయి.

లండన్ తివాచీని చాలాకాలం గోడకు వ్రేలాడదీసి ప్రదర్శించారు. 2006లో తెరచిన జమీల్ గ్యాలరీలో దానిని నేలకు సమాంతరంగా పరచి, చుట్టూ అద్దాల గది అమర్చారు. కాంతి వలన రంగులు వెలసిపోకుండా ప్రతి గంటకు, అరగంటకు 10 నిమిషాలు మాత్రమే దీపాలు వెలిగిస్తారు. ఒక పురాతన వస్తువును కోసి మరొకదానిని పూరించే పద్ధతిని నేటి సంరక్షకులు అంగీకరించరు. ఉన్నదానిని మరింత చెడకుండా నిలపడమే వారి ధ్యేయం. నిండు తివాచీ రూపాన్ని లండన్‌లో చూడవచ్చు గాని, దాని చరిత్ర పూర్తిగా తెలియాలంటే లాస్ ఏంజెలెస్‌లోని జంట తివాచీని కూడా పరిశీలించవలసి ఉంటుంది.

ఇవి కూడా చూడండి

* పర్షియన్ తివాచీలు
* సఫవీ వంశం
* ఏలూరు తివాచీలు