అమెరికా ఇంటి గాలి: నూట యాభై ఏళ్ళ కథ
(రేడియో ప్రసంగ పాఠం)



ఈ వారం మనం ఉంటున్న ఇంటి గురించి మాట్లాడుకుందాం. ఇల్లు పర్యావరణానికి హాని చెయ్యకూడదు, లోపల ఉన్నవాళ్ళు ఆరోగ్యంగా ఉండాలి, తలుపు తియ్యగానే తాజాగా ఉండాలి. ఈ మూడూ ఒకటేనని మనలో చాలామంది అనుకుంటాం. అమ్మేవాళ్ళు కూడా మూడింటినీ కలిపి ఒకే సీసాలో పోసి అమ్ముతారు. అమెరికాలో ఇళ్ళ చరిత్ర చూస్తే మాత్రం ఇవి మూడూ వేరువేరు లెక్కలని తెలుస్తుంది. ఒకటి సరిచెయ్యబోతే ఇంకొకటి చెడిన సందర్భాలు ఇందులో చాలా ఉన్నాయి.

మన ఊళ్ళలో ఈ గొడవ వేరే రకంగా ఉండేది. మండువా లోగిలి నడిమధ్య ఆకాశమే కనిపించేది, కాబట్టి గాలి రావాలని ఎవరూ ప్రత్యేకంగా ఆలోచించలేదు. అలాగని పాతదంతా బంగారం కాదు. కట్టెల పొయ్యి ముందు కూర్చుని గొట్టంతో ఊదిన మన అమ్మమ్మల కళ్ళనీ, ఊపిరితిత్తులనీ అడిగితే ఆ పొగ సంగతి చెబుతాయి. ఇక్కడ చలిదేశంలో సమస్య తలకిందులైంది. వేడి బయటికి పోకూడదని తలుపులు బిగిస్తే, చెడు గాలి లోపలే ఉండిపోయింది.

ఈ సంగతి ఇక్కడివాళ్ళకి ఎప్పుడో తెలుసు. 1869లో కాథరిన్ బీచర్, ఆమె చెల్లెలు హారియట్ బీచర్ స్టోవ్ కలిసి "ది అమెరికన్ ఉమన్స్ హోమ్" అనే పుస్తకం ప్రచురించారు. హారియట్ అంటే "అంకుల్ టామ్స్ కాబిన్" నవల రాసినావిడే. అప్పటికి ఇళ్ళలో పాతకాలపు నిప్పుగూళ్ళు పోయి, మూత బిగించిన ఇనప పొయ్యిలు వచ్చాయి. నిప్పుగూడు వేడిని వృథా చేసేది కానీ గదిలో గాలిని పొగగొట్టం గుండా లాగేసేది. కొత్త పొయ్యి కట్టెలు ఆదా చేసింది, గాలిని మాత్రం నిలబెట్టేసింది. ఇంట్లో గాలి మారే దారి ఉండాలని ఆ అక్కచెల్లెళ్ళు ఆ పుస్తకంలో గట్టిగా వాదించారు. నూరేళ్ళ తరవాత సరిగ్గా అదే కథ ఇంకా పెద్దగా జరిగింది.

1973 అక్టోబరులో అరబ్బు దేశాలు అమెరికాకి చమురు ఆపేశాయి. కొద్ది నెలల్లో పీపా ధర మూడు డాలర్ల ప్రాంతం నుంచి పన్నెండు డాలర్ల దాకా వెళ్ళింది. 1977 ఫిబ్రవరిలో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ స్వెటర్ వేసుకుని టీవీలో కనిపించి, ఇళ్ళలో థర్మోస్టాట్ పగలు 65 డిగ్రీలకీ, రాత్రి 55కీ తగ్గించుకోమని కోరాడు. 1978లో ఇన్సులేషన్ వేయించుకున్నవాళ్ళకి పన్ను రాయితీ ఇచ్చారు. జనం కిటికీల సందులు పూడ్చారు, గోడల్లో ఇన్సులేషన్ నింపారు. ఇది మంచి పనే. తక్కువ చమురు కాలిస్తే అందరికీ లాభమే. తప్పల్లా ఇల్లు బిగించినంత శ్రద్ధగా, ఆ ఇంటికి ఊపిరి ఎలా అందుతుందో చూడకపోవడం.

మొదటి దెబ్బ గోడల్లోంచే తగిలింది. పాత ఇళ్ళ గోడలకి చిల్లులు పెట్టి లోపలికి యూరియా ఫార్మాల్డిహైడ్ నురుగు పంపేవారు. అది గట్టిపడి చలిని ఆపేది. 1970లలో లక్షల ఇళ్ళలో దాన్ని నింపారు. కొన్ని ఇళ్ళలో దాన్నుంచి ఫార్మాల్డిహైడ్ వాయువు వెలువడి కళ్ళు మండటం, గొంతు పట్టెయ్యడం మొదలైంది. 1982లో వినియోగదారుల భద్రతా కమిషన్ దాన్ని నిషేధించింది. 1983లో ఒక ఫెడరల్ కోర్టు, సాక్ష్యం చాలలేదని ఆ నిషేధాన్ని కొట్టేసింది. ఈలోగా జనమే దాన్ని నమ్మడం మానేశారు.

రెండో సంగతి మన న్యూజెర్సీ శ్రోతలకి దగ్గరిది. 1980ల తొలి ఏళ్ళలో పర్యావరణ రక్షణ సంస్థ, అంటే ఈపీఏ, బేయోన్, ఎలిజబెత్ ఊళ్ళలో ఒక పరిశోధన చేసింది. చుట్టూ చమురు శుద్ధి కర్మాగారాలూ, రసాయన ఫ్యాక్టరీలూ ఉన్న ప్రాంతం అది. లాన్స్ వాలెస్ అనే శాస్త్రజ్ఞుడి ఆధ్వర్యంలో, మామూలు మనుషులకి గాలిని పట్టే చిన్న యంత్రాలిచ్చి, ఎక్కడికి వెళ్తే అక్కడికి వెంట తీసుకెళ్ళమన్నారు. ఫ్యాక్టరీ గొట్టాల కింద ఉన్నవాళ్ళకే ఎక్కువ విషం తగులుతుందని ఎవరైనా అనుకుంటారు. తీరా చూస్తే, సుమారు డజను రసాయనాలు బయటికన్నా ఇళ్ళలోనే రెండు నుంచి అయిదు రెట్లు ఎక్కువగా ఉన్నాయి. ఫ్యాక్టరీలు లేని చోట్ల చూసినా తేడా అలాగే ఉంది.

ఎక్కడివి అవి? సిగరెట్టు పొగలోంచి బెంజీన్. డ్రై క్లీనింగ్ నుంచి తెచ్చి అల్మారాలో పెట్టుకున్న బట్టల్లోంచి ఇంకొకటి. వేడినీళ్ళ షవర్‌లోంచి క్లోరోఫారం. గది తాజాగా ఉండాలని పెట్టే సువాసన బిళ్ళల్లోంచీ, బట్టల పురుగులు రాకుండా పెట్టే ఉండల్లోంచీ పారాడైక్లోరోబెంజీన్. పట్టుచీరల పెట్టెలో కలరా ఉండలు వేసే మనం ఈ మాట వినాలి. ఆ వాసన శుభ్రతకి గుర్తు కాదు, ఆ రసాయనం గాలిలో కలుస్తోందనడానికి గుర్తు.

మూడోది అసలు వాసనే లేనిది. 1984 డిసెంబరులో పెన్సిల్వేనియాలో, అప్పటికింకా విద్యుదుత్పత్తి మొదలుపెట్టని లిమెరిక్ అణు కర్మాగారంలో, స్టాన్లీ వాట్రాస్ అనే ఇంజనీరు తలుపు దగ్గరి యంత్రం ముందు నిలబడితే రేడియేషన్ అలారం మోగింది. రోజూ ఇదే వరస. చివరికి పనిలోకి వెళ్ళకముందే, ఇంటి నుంచి వస్తూనే మోగింది. అప్పుడు బోయర్‌టౌన్ దగ్గరున్న ఆయన ఇల్లు పరీక్షిస్తే, గాలిలో రేడాన్ లీటరుకు 2,700 పికోక్యూరీల దాకా ఉంది. ఈపీఏ తరవాత పెట్టిన హద్దు 4. నేలలో ఉండే యురేనియం క్షీణించే క్రమంలో పుట్టే వాయువు రేడాన్. చలికాలంలో ఇంట్లో వెచ్చటి గాలి పైకి లేచిపోతుంటే, కింద బేస్‌మెంటు పగుళ్ళలోంచి నేల గాలి లోపలికి లాగబడుతుంది, దానితో పాటు రేడాన్ కూడా. వాట్రాస్ కుటుంబం 1985 జనవరిలో ఇల్లు ఖాళీ చేసి, మరమ్మతు అయ్యాక జులైలో తిరిగి వచ్చింది. 1988లో కాంగ్రెస్ రేడాన్ చట్టం చేసింది. అమెరికాలో ఏటా సుమారు 21,000 ఊపిరితిత్తుల కాన్సర్ మరణాలకి రేడాన్ కారణమని ఈపీఏ అంచనా. పొగతాగనివాళ్ళలో ఆ కాన్సర్‌కి మొదటి కారణం ఇదే.

మనవాళ్ళు ఇల్లు కొనేటప్పుడు బడి చూస్తాం, తూర్పు గుమ్మం చూస్తాం, ఈశాన్యం చూస్తాం. ఇంటి కింద నేల ఏం వదులుతోందో చూడం. పక్కింట్లో తక్కువ ఉందని మనింట్లో తక్కువ ఉండాలని లేదు. మా ఇంట్లో పరీక్షిస్తే 6 వచ్చింది. బేస్‌మెంటు నేలలోంచి కప్పు మీదకి ఒక గొట్టం, దానికి ఒక ఫ్యాను పెట్టించాం, అది 2 లోపుకి దిగింది. పరీక్ష డబ్బా హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది. తలుపులు మూసి కనీసం రెండు రోజులు ఉంచి, దాన్ని ల్యాబుకి పంపితే చాలు.

ఇక మొక్కల సంగతి. 1989లో నాసా శాస్త్రజ్ఞుడు బిల్ వుల్వర్టన్ మొక్కలు గాలిలో రసాయనాలని పీల్చుకుంటాయని చూపించాడు. అది నిజమే కానీ ఆ ప్రయోగం చిన్న మూసిన పెట్టెల్లో జరిగింది. ఆ తరహా ప్రయోగాలన్నిటినీ డ్రెక్సెల్ విశ్వవిద్యాలయం వాళ్ళు తిరిగి లెక్కగట్టి 2019లో ప్రకటించారు. మామూలుగా ఇంట్లో గాలి మారేటంత ఫలితం రావాలంటే చదరపు మీటరుకి పది నుంచి వెయ్యి మొక్కలు కావాలట! అంటే మనం అడవిలో కాపురం పెట్టాలి. తులసి మొక్కని భక్తితో పెంచుకుందాం, కళ్ళకి చల్లగా ఉంటుంది. కిటికీ పని దానికి అప్పజెప్పొద్దు.

ఇంత చరిత్రలో ఫలించినవి రెండే పనులు. మొదటిది, విషం పుట్టే చోటే దాన్ని ఆపడం. 2005లో కత్రినా తుఫాను బాధితులకి ఇచ్చిన ట్రెయిలర్లలో ఫార్మాల్డిహైడ్ బయటపడి పెద్ద గొడవయ్యింది. 2010లో ప్లైవుడ్, పార్టికల్ బోర్డుల నుంచి అది ఎంత రావచ్చో చట్టం హద్దు పెట్టింది. ఇప్పుడు బల్లలూ, బీరువాలూ కొనేటప్పుడు "టీఎస్‌సీఏ టైటిల్ సిక్స్" అనే ముద్ర ఉందేమో చూడొచ్చు. రెండోది, గాలికి దారి ఇవ్వడం. గాలి మార్పిడి ప్రమాణాలు రాసే ఆష్‌రే అనే ఇంజనీర్ల సంఘం ఇళ్ళ కోసం విడిగా 2003లో ఒక ప్రమాణం తెచ్చింది. లోపలికొచ్చే చల్లగాలిని బయటికి పోయే గాలి వేడితోనే వెచ్చబరిచే యంత్రాలు కూడా ఇప్పుడున్నాయి. ఇల్లు బిగించుకోవాలి, ఊపిరీ ఆడాలి. రెండూ కుదురుతాయి.

మన వంటింటికి వద్దాం. ఎండుమిరపకాయల పోపు వేస్తే ఇల్లంతా దగ్గుతుంది. పొయ్యి మీది హుడ్ ఆ పొగని బయటికి పంపుతోందా, వడకట్టి మళ్ళీ మన మొహానికే కొడుతోందా? ఇవాళే చూసుకోండి. చాలా ఇళ్ళలో బయటికి గొట్టమే ఉండదు. కార్పెట్‌కి వాసన పడుతుందని చేపల పులుసు గరాజ్‌లో గ్యాసు పొయ్యి మీద వండేవాళ్ళున్నారు. తలుపు మూసి వండితే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది, అది ప్రాణానికే ముప్పు. అగరొత్తులు, సాంబ్రాణి వెలిగించినప్పుడు కాసేపు కిటికీ తెరవండి. దేవుడేమీ అనుకోడు.

తాజా గాలికి నిమ్మకాయ వాసనా ఉండదు, మల్లెపువ్వు వాసనా ఉండదు. ఏ వాసనా లేకపోవడమే దాని గుణం. వాసనే లేని రేడాన్ కూడా ఉంది కాబట్టి, ముక్కుని నమ్ముకుని ఊరుకోకండి. ఈ చలికాలం మొదలయ్యేలోగా ఒక పరీక్ష డబ్బా తెచ్చి బేస్‌మెంట్‌లో పెట్టండి.

మళ్ళీ వచ్చేవారం కలుద్దాం. సెలవు.