మచ్చ ఉన్న సంఘం: తన్లిన్ క్రైస్తవుల నాలుగు వందల ఏళ్లు

బర్మాలో యాంగోన్ నుంచి బగో నది మీద 1993లో కట్టిన వంతెన దాటితే తన్లిన్ వస్తుంది. ఇంగ్లిష్ దొరల రికార్డుల్లో ఈ ఊరు సిరియం. అక్కడ కాస్త మెరక మీద కప్పులేని ఇటుక కట్టడం ఒకటి ఉంది. కమాను గుమ్మాలు, మందపాటి గోడలు, పైన ఆకాశం. ఊళ్లోవాళ్లూ, చూడవచ్చినవాళ్లూ దాన్ని పోర్చుగీసు చర్చి అంటారు. నిజానికి దాన్ని కట్టించినవాడు ఇటలీ నుంచి వచ్చిన బర్నబైట్ సభ గురువు పావోలో నెరీని. 1750 ప్రాంతపు కట్టడం అది. అప్పటికి ఈ రేవులో పోర్చుగీసుల పెత్తనం పోయి నూట ముప్ఫై ఏళ్లు దాటింది. ఒక మంచి గురువు కట్టిన గుడికి అంతకు ముందెప్పుడో ఊరిని దోచిన జాతి పేరు అతుక్కుపోయింది. ఈ ఊరి క్రైస్తవానికి మొదటి ముద్ర వేసినవాడు నెరీని కాడు, పోర్చుగీసువాడు ఫిలిప్ డి బ్రిటో. ఆ ముద్ర ఇంకా చెరగలేదు.

సిరియం పేరు మన కోస్తాకు కొత్త కాదు. మచిలీపట్నం రేవు నుంచి చిరివేరు ఎరుపు అద్దిన బట్టలు సిరియం ఉన్న పెగూ రాజ్యానికి పోయేవి. టేకు దొరికే చోటు కాబట్టి కోరమాండల్ వర్తకుల ఓడలు అక్కడ తయారయ్యేవి. ఆ రాజ్యం 1599లో కూలింది. పొరుగు రాజ్యాలైన టౌంగూ, అరకాన్‌ల సేనలు పెగూ నగరాన్ని కొల్లగొట్టి తగలబెట్టాయి. 1600లో సిరియం చేరిన జెసూట్ గురువు ఆండ్రూ బోవ్స్ రాసిన ఉత్తరంలో ఆ నాశనమంతా కనిపిస్తుంది. ఒకప్పుడు గుడి గోపురాలతో మెరిసిన దేశంలో పొలాల నిండా పుర్రెలూ ఎముకలూ చూశానని ఆయన రాశాడు. సిరియంలో క్రైస్తవ సంఘం పుట్టింది అలాంటి నేల మీద.

డి బ్రిటో అరకాన్ రాజు కొలువులో సిపాయి. సిరియంలో సుంకాల పని చూడమని రాజు పంపితే కోట కట్టుకున్నాడు. గోవాకు వెళ్లి వైస్రాయి బంధువును పెళ్లాడి పోర్చుగల్ అండ సంపాదించాడు. రాజుకు ఎదురు తిరిగి రేవుకు తానే ప్రభువయ్యాడు. అటువైపు వచ్చే ప్రతి ఓడా సిరియంలో ఆగి సుంకం కట్టి తీరాలన్నాడు. మన వర్తకుల ఓడలకూ అదే గతి. కోటలో జెసూట్ గురువులుండేవారు. గుడి ఉండేది. ఆదివారం పూజ జరిగేది. సోమవారం సిపాయిలు పగోడాల మీద పడేవారు. గంటలు దించి, కరిగించి, ఫిరంగులు పోతపోశారు.

వాటిలో ఒక గంట కథ బర్మా ఈనాటికీ మరవలేదు. 1484లో ధమ్మజేది రాజు ష్వేడగాన్ పగోడాకు ఇచ్చిన గంట అది. బరువు దాదాపు 300 టన్నులని సంప్రదాయం చెబుతుంది. వెనిస్ రత్నాల వర్తకుడు గాస్పరో బాల్బీ 1583లో దాన్ని చూశాడు. అడుగులు వేసి కొలిచాడు. దాని ఒంటి నిండా, పైనుంచి కింది దాకా అక్షరాలు చెక్కి ఉన్నాయనీ, తనతో ఉన్నవాళ్లలో ఎవరికీ అవి చదవడం రాలేదనీ రాసుకున్నాడు. 1608లో డి బ్రిటో ఆ గంటను కొండ మీంచి దించి, తెప్ప మీద నదిలోకి తీసుకుపోయాడు. యాంగోన్ నది, బగో నది కలిసే చోట తెప్ప విరిగి గంట మునిగింది. ఈతగాళ్లు మన కాలంలోనూ ఆ బురదలో వెతికారు. ఒక జాతి చేతులు జోడించే వస్తువును ఫిరంగుల కోసం ఊడబీకడం చిన్న పాపం కాదు. ఆ పని చేసినవాడు మెడలో శిలువ వేసుకున్నవాడు. కిరస్తానం అంటే ఏమిటో ఆ నది ఒడ్డు జనానికి మొదట తెలిసింది ఇలాగే.

1612లో అతడు టౌంగూ మీద పడి, నగరం దోచి, అక్కడి పాలకుడు నత్‌షిన్నౌంగ్‌ను సిరియంకు తెచ్చుకున్నాడు. నత్‌షిన్నౌంగ్ రాజు మాత్రమే కాదు, బర్మీయులు ఇప్పటికీ తలచుకునే ప్రేమకవి. డి బ్రిటోతో నెత్తురు కలిపి అన్నదమ్ములమని ప్రమాణం చేసుకున్నాడనీ, చివర్లో బాప్తిస్మం తీసుకున్నాడనీ చెబుతారు. మరుసటి ఏడే ఎగువ బర్మాలోని ఆవా రాజు అనౌక్‌పెట్లున్ సిరియంను ముట్టడించాడు. కోట 1613లో పడింది. గుళ్లు పాడుచేసినవాడికి పడే శిక్ష ఇదేనంటూ డి బ్రిటోను కోటకు ఎదురుగా కొరత వేశారు. ప్రాణం పోవడానికి రోజులు పట్టింది. కవిరాజునూ చంపారు. తన్లిన్ కొండ మీది కయాక్‌ఖౌక్ పగోడా దగ్గర ఆయనదని చెప్పే సమాధి ఉంది.

కోటలో మిగిలిన పోర్చుగీసులు, వాళ్ల సంకర సంతానం, బర్మా భార్యలు, పిల్లలు అందరూ బందీలై ఎగువ బర్మాకు నడిచారు. రాజు వాళ్లను చంపలేదు. ము, చింద్విన్ నదుల మధ్య నేల ఇచ్చి, తరతరాలా రాజు ఫిరంగి దళంలో పని చేయాలన్నాడు. వాళ్లనే బయింజీలంటారు. జెసూట్ గురువు మనుయెల్ ద ఫొన్సెకా ఆవాలో వాళ్ల మధ్యే ఉన్నాడు. ఆయన తరువాత గురువులు లేని కాలాలు ఎన్నో గడిచాయి. ముఖాలు బర్మా ముఖాలయ్యాయి. మాట, కట్టు, తిండి అన్నీ బర్మావే. వరి వేశారు, నువ్వులు వేశారు. ప్రార్థన మాత్రం వదల్లేదు.

నేను ఆగిపోయేది ఇక్కడే. ఈ సంఘానికి మూలపురుషుడు ఎవరని అడిగితే ఏం చెప్పాలి? దోపిడీగాడి పేరు చెప్పాలి. అతని సిపాయిల పిల్లలే తొలి విశ్వాసులు. పరిశుద్ధులతో మొదలైన సంఘం మాది అని చెప్పుకునే వీలు వీళ్లకు ఏనాడూ లేదు. పైగా తమ తాత చేసిన పని ఏమిటో చుట్టూ ఉన్న బౌద్ధ గ్రామాలన్నిటికీ తెలుసు. అయినా ఆ పిల్లల విశ్వాసం అబద్ధం కాదు. నాలుగు వందల ఏళ్లు ఎవరి బలవంతమూ లేకుండా నిలిచినదాన్ని అబద్ధమనలేం.

క్రైస్తవ లోకం ఈ చిక్కును అంతకు పన్నెండు వందల ఏళ్ల ముందే ఎదుర్కొంది. క్రీ.శ. 303లో రోము చక్రవర్తి డయోక్లెటియన్ క్రైస్తవులను హింసించినప్పుడు ఉత్తర ఆఫ్రికాలో కొందరు గురువులు భయపడి గ్రంథాలను అధికారులకు అప్పగించారు. హింస ఆగాక గొడవ మొదలైంది. పిరికివాళ్ల చేతి మీదుగా వచ్చిన సంస్కారాలు చెల్లవు, మాదే కల్తీ లేని సంఘం అంటూ డొనాటిస్టులు విడిపోయారు. ఊరూరా రెండు గుళ్లు, ఇద్దరు బిషప్పులు. దీన్ని గట్టిగా ఎదిరించినవాడు హిప్పో పట్టణ బిషప్ అగస్టీన్. సంస్కారం దేవుడిది, ఇచ్చే చేయి మురికిదైనా అది చెడదన్నాడు. గోధుమల మధ్య గురుగులు మొలిచిన చేను కథను ఆసరా చేసుకుని, కోతకాలం దాకా రెండూ కలిసే ఉంటాయనీ, పీకబోతే గోధుమ కూడా ఊడుతుందనీ వాదించాడు. 411లో కార్తేజ్‌లో జరిగిన పెద్ద సమావేశంలో తీర్పు ఆయన పక్షానికే వచ్చింది. అయితే ఆ అగస్టీనే డొనాటిస్టులను లొంగదీయడానికి ప్రభుత్వ బలాన్ని సమర్థించాడు. తప్పులున్నవాళ్లకు చోటు ఉండాలన్న మనిషి, తనతో విభేదించినవాళ్లకు ఆ చోటు ఇవ్వలేకపోయాడు. ఆయన వాదం నాకు ఒప్పు. ఈ పని ఒప్పు కాదు.

సిరియంకు మళ్లీ వస్తే, 1721లో బర్నబైట్ గురువు సిజిస్మోందో కాల్కి, ఆయన తోటి గురువు జుసెప్పె విత్తోనీ దిగినప్పుడు వాళ్లకు ఎదురుపడింది తోటి గురువుల ద్వేషమే. పోర్చుగల్ రాజు హక్కు కింద పనిచేసే గురువులకు రోము నేరుగా పంపినవాళ్లు గిట్టలేదు. కొత్తవాళ్లు గూఢచారులని చాడీలు చెప్పారు. ఇద్దరూ ఆవా వెళ్లి రాజుకు సంజాయిషీ ఇచ్చుకోవలసి వచ్చింది. అక్కడ మన్నన దొరికింది. బౌద్ధ రాజు వాళ్లను నమ్మాడు, సాటి క్రైస్తవ గురువులు నమ్మలేదు. కాల్కి 1728లో చనిపోయేదాకా ఆ దేశంలోనే పనిచేశాడు.

నెరీని కాలం ఇంకా కష్టమైనది. బిషప్ పియో గల్లీజియా, ఆయన సహచరులు 1745లో, ఒక ఐరోపా సాహసికుడి వ్యవహారంలో చిక్కుకుని, పెగూలో హతమయ్యారు. నెరీని తప్పించుకుని మన దేశానికి వచ్చాడు. మళ్లీ వెళ్లకపోయినా ఎవరూ తప్పు పట్టేవారు కాదు. 1749లో తిరిగి వెళ్లి సిరియంలో ఇటుకలతో గుడి కట్టాడు. బడి పెట్టాడు. 1756లో బర్మా రాజు అలౌంగ్‌పయా సిరియంను పట్టుకున్నాడు. ఫ్రెంచి ఓడలను పిలిపించాడన్న అనుమానంతో నెరీనిని చంపించాడు. అప్పుడు చెరపట్టిన ఫ్రెంచివాళ్లనూ ఎగువ బర్మాకు తీసుకుపోయి ఫిరంగి దళంలో కలిపారు. డి బ్రిటో పాపానికి వచ్చిన చెడ్డపేరు నెరీని మెడకు చుట్టుకుందేమో. విదేశీ గురువు కనిపిస్తే వెనక విదేశీ ఓడ ఉంటుందన్న అనుమానం ఆ ఊరికి ఊరకే పుట్టలేదు.

ఇదంతా మనకు దూరపు కథ అనుకునే తెలుగు సంఘాలు ఒంగోలును గుర్తు చేసుకోవాలి. 1867 జనవరి 1న 8 మందితో మొదలైన బాప్టిస్టు సంఘం అది. చేరినవాళ్లలో అత్యధికులు మాదిగలు. 1876–78 కరువులో మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి పెట్టాడు. తిండి కోసం కిరస్తానంలో కలిశారన్న మాట రాకూడదని 15 నెలలు ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కరువు తగ్గాక జనం మళ్లీ వచ్చారు. మాకు డబ్బు వద్దు, పని చేసుకుంటాం, కావాలంటే అరచేతుల్లో పొక్కులు చూడండి, చస్తే క్రైస్తవులుగా చస్తామన్నారని క్లౌ ఆ తరువాత రాసుకున్నాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున నీళ్లలో దిగి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. క్లౌ ఒడ్డునే ఉన్నాడు.

అంతమందిలో పాత అలవాట్లు వదలనివాళ్లు ఉండరా? ఉంటారు. అంతమందిని ఒక్కరోజే కలుపుకోవడమేమిటని అప్పుడే కొందరు తప్పుపట్టారు. మనసులు తూచే తూకం ఎవరి దగ్గర ఉందని నేను అడుగుతాను. ఆ పొక్కుల చేతులను వెనక్కి పంపి ఉంటే సంఘం శుభ్రంగా ఉండేది, ఖాళీగానూ ఉండేది.

ఆ కాలంలోనే మన కోస్తా జనం రంగం పోవడం ఎక్కువైంది. ఉత్తరాంధ్రలో ఇప్పటికీ పెద్దవాళ్లు రంగూన్‌ను, అంటే నేటి యాంగోన్‌ను, రంగం అనే అంటారు. 1931 నాటికి బర్మాలో తెలుగువాళ్లు లక్షన్నరకు పైనే. రంగూన్ రేవులో, బియ్యం మిల్లుల్లో, సిరియంలోని బర్మా ఆయిల్ కంపెనీ రిఫైనరీలో చాకిరీ వాళ్లదే. శ్రీకాకుళం ప్రాంతంలో కెనడా బాప్టిస్టు మిషన్‌లో పనిచేసిన ఆర్మ్‌స్ట్రాంగ్ దంపతులు తరువాత బర్మా వెళ్లి ఈ తెలుగు, తమిళ కూలీల మధ్య సంఘాలు పోగుచేశారు. ఇంటికి దూరంగా, పెళ్లాంబిడ్డలు లేక, కల్లుపాకల దారి పట్టిన కూలివాళ్లు ఆ సంఘాల్లోకి ఎలాంటి జీవితాలతో వచ్చి ఉంటారో ఊహించడం కష్టం కాదు. 1942 మార్చి 7న, జపాన్ సేనలు రావడానికి ఒక రోజు ముందు, రిఫైనరీని ఇంగ్లిష్‌వాళ్లే పేల్చేశారు. మనవాళ్లలో వేలమంది కాలినడకన ఇండియా దారి పట్టారు. ఎందరో దారిలోనే రాలిపోయారు.

సంఘంలో లోపాలను భరించాలన్న మాట ఈ రోజుల్లో పెద్దవాళ్ల తప్పులు కప్పిపుచ్చడానికి వాడుతున్నారు. పొరపాటు చేసిన పేద విశ్వాసిని బల్లకు దూరం పెడతారు. సంఘం డబ్బు తిన్నవాడి విషయంలో క్షమాపణ గురించి ప్రసంగిస్తారు. సిరియం కథను అలా వాడుకోవడానికి నేను ఒప్పుకోను. బయింజీలను కలుపుకోవడం వేరు, డి బ్రిటోను సమర్థించడం వేరు. నదిలో మునిగిన గంట బౌద్ధులది. దాన్ని ఎత్తుకుపోయింది క్రైస్తవుడు. ఈ రెండు మాటలూ బర్మా చర్చి చరిత్ర మొదటి పేజీలోనే ఉండాలి, చివర్న అధస్సూచికలో కాదు.

బయింజీల ఊళ్లలో ఒకటైన మోన్‌హ్లాలో 1948లో పుట్టిన చార్లెస్ మౌంగ్ బో 2015లో కార్డినల్ అయ్యాడు. బర్మా దేశానికి తొలి కార్డినల్ ఆయనే. సిరియం కోట నుంచి బందీలుగా నడిచిన జనం స్థిరపడిన ఊళ్ల నుంచి రోములో పోపును ఎన్నుకునే సభ దాకా వెళ్లాడు.

2021 సైనిక తిరుగుబాటు తరువాత ఆ ఊళ్ల మీదికి సైన్యం వచ్చింది. చాన్ థా గ్రామాన్ని 2022లో తగలబెట్టారు. 2023 జనవరి 15న మళ్లీ వచ్చి, 1894లో కట్టిన అక్కడి మోక్షారోపణ మాత గుడికి నిప్పు పెట్టారు. మోన్‌హ్లా, చౌంగ్ యో కూడా కాలాయి. జనం అడవుల్లోకి, పొరుగు గ్రామాల్లోకి పోయారు. అక్కడ వాళ్లకు గింజలు పెట్టినవాళ్లలో బౌద్ధులూ ఉంటారు, ఎందుకంటే ము నది లోయలో ఆ మంటలు ఒక్క మతం ఊళ్లకే పరిమితం కాలేదు. మన సంఘాల్లో ఆదివారం ప్రార్థనలో బర్మా కోసం మోకరిల్లేవాళ్లు ఆ దేశం పేరుతో ఆపకండి. ఊళ్ల పేర్లు కూడా చెప్పండి: చాన్ థా, మోన్‌హ్లా, చౌంగ్ యో.