విద్యార్థుల పరస్పర సంబంధాలు – పరిశోధన చరిత్ర

తరగతిలో పిల్లలు ఒకరితో ఒకరు ఎలా మెలగుతారు, ఎవరితో చెలిమి చేస్తారు, ఎవరిని దూరం పెడతారు, వాటి ప్రభావం చదువుపైనా ఎదుగుదలపైనా ఎలా ఉంటుంది అన్న విషయాలను పరిశీలించే ఈ అధ్యయనశాఖ విద్యా మనస్తత్వశాస్త్రంలో భాగంగా ఇరవయ్యో శతాబ్దంలో రూపుదిద్దుకుంది. పిల్లలే పిల్లలకు నేర్పడం అంతకు ముందునుంచే ఉన్న ఆచారం. బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823 నాటి నివేదికలో, అక్కడి వీధిబడుల్లో ముందున్న పిల్లల చేత వెనకబడ్డవారికి పాఠం చెప్పించే పద్ధతిని మెచ్చుకొని, ఇంగ్లండు దానిని అనుకరించిందని రాశాడు. పందొమ్మిదో శతాబ్దమంతా దీనిని తక్కువ ఖర్చుతో ఎక్కువమందికి చదువు చెప్పే ఉపాయంగానే ఎక్కువగా చూశారు.

1932లో మిల్‌డ్రెడ్ పార్టెన్ ప్రచురించిన వ్యాసం ఈ శాఖకు గట్టి పునాది. ఆమె మినెసోటాలోని ఒక శిశువిహారంలో పిల్లలను ఒక్కొక్కరిగా, నిమిషం చొప్పున పలుమార్లు గమనించి, ఒంటరి ఆట, పక్కపక్కనే ఉన్నా ఎవరి ఆట వారు ఆడుకునే సమాంతర ఆట, పనులు పంచుకొని ఆడే సహకార ఆట వంటి దశలను గుర్తించింది. ఆటల నియమాలను తోటివారి సమ్మతితో మార్చుకోవచ్చునన్న గ్రహింపు పిల్లల్లో క్రమంగా కలుగుతుందని, గోలీలాటను ఆధారం చేసుకొని జాఁ పియాజే వివరించిన గ్రంథమూ ఆ ఏడాదిదే.

అయితే పిల్లల అభిప్రాయాన్ని పిల్లలనే అడిగి తెలుసుకున్న ఘనత జేకబ్ మొరీనోది. బుకారెస్టులో పుట్టి, వియన్నాలో వైద్యం చదివి, 1925లో అమెరికా చేరిన ఈయన బ్రూక్లిన్‌లోని ఒక ప్రభుత్వ పాఠశాలలో ప్రతి విద్యార్థినీ తన పక్కన ఎవరు కూర్చోవాలని కోరుకుంటున్నాడో పేర్లు రాయమన్నాడు. ఆ ఎంపికలను, ఒక్కో విద్యార్థికి ఒక గుర్తు వేసి గీతలతో కలిపిన పటమే సోషియోగ్రామ్. ఒక్క గీతా చేరని గుర్తు ఎవరూ కోరుకోని పిల్లవాడిది. ఎవరిని ఎక్కువమంది కోరుకుంటారో ఊహించమని ఉపాధ్యాయులను అడిగితే, పై తరగతులకు పోయేకొద్దీ వారి అంచనాలు తప్పాయి. హడ్సన్‌లోని బాలికల శిక్షణ సంస్థనుంచి 1932లో కొద్దిరోజుల్లోనే 14 మంది పారిపోయినప్పుడు, మొరీనో, ఆయన సహపరిశోధకురాలు హెలెన్ జెన్నింగ్స్ అక్కడి స్నేహబంధాలను ఇదే రీతిలో పటంగా గీశారు. ఈ కృషి 1934లో పుస్తకరూపం దాల్చింది.

తరువాతి మూడు దశాబ్దాల్లో సహకారం, పోటీలపై మార్టన్ డాయిచ్ 1949లో చేసిన అధ్యయనం ముఖ్యమైనది. 1971లో, జాతుల విభజన తొలగిన అమెరికాలోని ఆస్టిన్ బడుల్లో ఘర్షణలు రేగినప్పుడు, ఎలియట్ ఆరన్సన్ పాఠాన్ని ముక్కలుచేసి జట్టులో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క అప్పగించాడు. తక్కినవారి మాట వినకుండా ఎవరికీ పాఠం పూర్తికాదు కనుక, అంతవరకు చిన్నచూపుకు గురైన పిల్లవాడిని కూడా అందరూ శ్రద్ధగా వినవలసి వచ్చింది. 1982లో కోయీ, డాడ్జ్, కోపొటెలీ అనే పరిశోధకులు ఎవరూ పట్టించుకోని పిల్లలనూ, అందరూ తిరస్కరించే పిల్లలనూ రెండు వేర్వేరు వర్గాలుగా విడదీశారు.

తెలుగునాట మదనపల్లె సమీపంలోని రిషివ్యాలీ గ్రామీణ పాఠశాలలు, వేర్వేరు స్థాయుల పిల్లలను ఒకే గదిలో జట్లుగా కూర్చోబెట్టి, కొన్ని జట్లకు ఉపాధ్యాయుడు, కొన్నింటికి తోటి పిల్లలే తోడ్పడే విధానాన్ని రూపొందించాయి.