ఇన్-ఇయర్ మానిటర్లు, మిడి నాబ్‌లు: చిన్న వాద్యబృందాలున్న సంఘాల కోసం

ఈ వారం సంపాదకీయం మైకు సెట్టు గురించి అంటే కొందరు పెద్దలు కళ్లజోడు సర్దుకుని మళ్లీ చదువుతారేమో. ఇటువంటి విషయాలను మేము మామూలుగా యౌవనస్థులకే వదిలేస్తాం. అయితే ఆరాధన ముగిసాక మందిరం గుమ్మం దగ్గర మాకు వినబడే ఫిర్యాదుల్లో శబ్దం గురించినవే ఎక్కువ. ముందు వరుసలో కూర్చునే పెద్దమ్మలు చెవులు మూసుకుంటున్నారు. వాయించేవాళ్లేమో తమకు ఏమీ వినబడటం లేదంటున్నారు. ఈ రెండు మాటలూ నిజమే, రెండింటికీ కారణం ఒకటే.

రెండు వందల మంది పట్టే మందిరాన్ని తలచుకోండి. వేదిక మీద కీబోర్డు, రిథమ్ ప్యాడ్, డోలక్, బేస్ గిటారు, ముగ్గురు పాడేవాళ్లు. వారి కాళ్ల దగ్గర రెండు మూడు మానిటర్ బాక్సులు. మొదటి పాటలోనే కీబోర్డు వాయించే తమ్ముడు చెయ్యి ఎత్తి, "బ్రదర్, నాది కొంచెం పెంచు" అని సైగ చేస్తాడు. అది పెరిగేసరికి పాడే చెల్లెలికి తన గొంతు వినబడదు, ఆమె మైకు కూడా పెంచుతారు. నాలుగో పాటకు వేదిక మీది శబ్దమే హాలులోకి పొంగి వస్తుంది. దాన్ని దాటించడానికి హాలు స్పీకర్లు పెంచుతారు. ఆపైన ఫీడ్‌బ్యాక్ కూత ఎలాగూ ఉంటుంది.

ఈ పోటీని ఆపడానికి దొరికే మార్గం చెవిలో పెట్టుకునే మానిటర్లు. బాక్సులు తీసేసి, ఎవరికి కావలసిన శబ్దాన్ని వారి చెవిలోకే పంపుతారు. వీటిని వైర్‌లెస్ సెట్లతోనే వాడాలనే అపోహ ఉంది. కూర్చుని వాయించేవారికి వైరు చాలు. మిక్సర్ నుంచి ఒక కేబుల్, దాని చివర నడుముకు తగిలించుకునే చిన్న హెడ్‌ఫోన్ యాంప్లిఫైయర్, చెవులకు బిగుతుగా పట్టే ఇయర్‌ఫోన్లు ఉంటే పని జరుగుతుంది. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు మాత్రం ఈ పనికి రావు. వాటిలో శబ్దం వినబడేంత ఆలస్యంగా వస్తుంది, తాళం తప్పుతుంది.

అసలు చిక్కు దీని తరువాత మొదలవుతుంది. ఆరుగురికి ఆరు మిక్స్‌లు కావాలి. సౌండ్ చూసే కుర్రవాడు ఒక్కడే. హాలు మిక్స్ చూసుకుంటూ ఆరుగురి సైగలు చదవడం అతనివల్ల కాదు. అందుకే ఇప్పటి డిజిటల్ మిక్సర్లు ఎవరి మిక్స్‌ను వారే ఫోన్‌లో సరిచేసుకునే యాప్‌లు ఇస్తున్నాయి. పాడేవారికి అది బాగానే ఉంటుంది. డోలక్ వాయించేవాడికి ఉండదు. రెండు చేతులూ పనిలో ఉంటాయి, ఫోన్ తెర ఆరిపోతుంది, చెమట వేలితో నొక్కితే ఒక గీత బదులు పక్క గీత కదులుతుంది. కొన్నిసార్లు పక్కవాడి మిక్స్ పేజీ తెరుచుకుని ఉంటుంది. ఇతను తగ్గిస్తుంటే అక్కడ పాడే అమ్మాయికి తన గొంతు మాయమవుతుంది! చూడకుండా చేత్తో తడిమి తిప్పగల నాబ్ ఉంటే ఈ బాధ ఉండదు. మిడి కంట్రోలర్ ఇచ్చేది అదే.

మిడి అనేది 1983లో వచ్చిన పద్ధతి. ఆ ఏడాది జనవరిలో అమెరికాలో జరిగిన వాద్యపరికరాల ప్రదర్శనలో సీక్వెన్షియల్ సర్క్యూట్స్ వారి ప్రాఫెట్-600ను, రోలాండ్ వారి జూపిటర్-6ను తీగతో కలిపి, ఒకదాని మీద వాయిస్తే రెండోది పలికేలా చూపించారు. ఆ తీగలో శబ్దం పోదు, ఆజ్ఞలు మాత్రమే పోతాయి. ఫలానా మీట నొక్కారు, ఫలానా నాబ్‌ను ఇంతవరకు తిప్పారు అన్నవి. నాబ్ స్థానం 0 నుంచి 127 వరకు ఒక అంకెగా వెళ్తుంది. మన కీబోర్డుల వెనక అయిదు సూదుల గుండ్రటి సాకెట్ ఉండేది దీనికే. చాలామంది దాన్ని ఒక్కసారి కూడా వాడి ఉండరు. ఇప్పుడు అవే ఆజ్ఞలు యూఎస్‌బీ తీగలోనూ నడుస్తాయి.

మాకు బాగా తెలిసిన అమరికను ఉదాహరణగా చెబుతాం. బెరింజర్ ఎక్స్‌ఆర్18 అనే మిక్సర్‌లో 16 మైకు ఇన్‌పుట్లు, ఆరు ఆక్స్ అవుట్‌పుట్లు ఉంటాయి. అంటే ఆరుగురికి ఒక్కొక్క మోనో మిక్స్, లేదా ముగ్గురికి స్టీరియో. చిన్న బృందానికి మోనోతో మొదలుపెట్టడమే మేలని మా అభిప్రాయం. ఈ మిక్సర్‌కు మిడి సాకెట్లు ఉన్నాయి. వాటిని చూసి నాబ్ పెట్టెను నేరుగా తగిలించబోయి నిరాశపడినవారున్నారు. ఆ దారిలో సాధారణ నాబ్ ఆజ్ఞలు ఛానల్ ఫేడర్లు, మ్యూట్, ప్యాన్‌తో పాటు ఒక్కో ఆక్స్ మొత్తం వాల్యూమ్‌ను కదుపుతాయి. "నా చెవిలో బేస్ గిటారు ఎంత" అన్న దాన్ని కదపవు. దాని కోసం మధ్యలో ఒక దుబాసీ కావాలి. మిక్సింగ్ స్టేషన్ అనే యాప్ ఆ పని చేస్తుంది. పాత ఆండ్రాయిడ్ టాబ్లెట్‌లో దాన్ని వేసి, యూఎస్‌బీతో నాబ్ పెట్టెను తగిలించి, ఒక్కో నాబ్‌కు ఒక్కో పని అప్పగించాలి. యాప్ ఆ ఆజ్ఞను మిక్సర్‌కు అర్థమయ్యే నెట్‌వర్క్ భాషలోకి మార్చి పంపుతుంది. టాబ్లెట్టే పెట్టెకు కరెంటు ఇస్తుంది కనుక దాని ఛార్జింగ్ త్వరగా దిగిపోతుంది. ఛార్జింగ్ కూడా చేయగల యూఎస్‌బీ హబ్ కొనండి.

నాబ్ పెట్టెను ఎంచుకునేటప్పుడు ఒక్క సంగతి తప్పక చూడాలి. కొర్గ్ నానోకంట్రోల్2 వంటి వాటిలో నాబ్‌లు రేడియో వాల్యూమ్‌లా ఒక చోట మొదలై ఒక చోట ఆగుతాయి. యాప్‌లో శబ్దం తక్కువగా ఉండి, నాబ్ పైన నిలిచి ఉంటే, దాన్ని ముట్టుకోగానే శబ్దం ఒక్కసారి పైకి దూకవచ్చు. హాలు స్పీకర్‌లో అయితే అందరూ ఉలిక్కిపడి ఊరుకుంటారు. చెవిలో అయితే అది ప్రమాదం. బెరింజర్ ఎక్స్-టచ్ మినీలో ఎనిమిది నాబ్‌లు ఆగకుండా తిరిగే రకం, చుట్టూ చిన్న దీపాలు ఇప్పుడు విలువ ఎక్కడుందో చూపిస్తాయి. చెవి మానిటర్లకు ఈ రకమే తీసుకోవాలని గట్టిగా చెబుతాం, ధర కొంచెం ఎక్కువైనా సరే.

ఆక్స్ సెండ్‌లను ప్రీ-ఫేడర్‌లో పెట్టడం మరువవద్దు. లేకపోతే హాలు కోసం కుర్రవాడు ఒక ఫేడర్ దించినప్పుడల్లా వాయించేవారి చెవిలోనూ అది దిగిపోతుంది.

ఎనిమిది నాబ్‌లు ఉన్నాయి కదా అని ఎనిమిది వాద్యాలు పెట్టుకోనక్కరలేదు. నాది, ముఖ్య గాయకుడిది, కీబోర్డు, తాళం, బేస్, కాపరి మైకు. ఈ ఆరు దాదాపు ఎవరికైనా సరిపోతాయి. ఏడోది మెట్రోనోమ్ వాడేవారికి. ఎనిమిదో దాని గురించి మాత్రం మా సంఘంలో జరిగినదే చెప్పాలి.

మేము మొదటిసారి బాక్సులన్నీ తీసేసిన ఆదివారం అందరూ సంతోషించారు. హాలు నెమ్మదించింది, మాటలు స్పష్టంగా వినబడ్డాయి. చివరి కీర్తన పల్లవిని సంఘం తనంతట తానే మళ్లీ ఎత్తుకుంది. కళ్లు మూసుకుని, మా బృందంకంటే బాగా పాడుతున్నారు. బృందానికి అది వినబడలేదు. చెవులు మూసుకుపోయి ఉన్నాయి కదా! వారు ముగింపు వాయించి ఆపేశారు, కీబోర్డు తమ్ముడు తరువాతి పాట శ్రుతి ఎత్తుకున్నాడు. సంఘం సగంలో తడబడి ఆగిపోయింది. మేము పుల్పిట్ దగ్గరే నిలబడి ఉండి కూడా ఏమీ చేయలేకపోయాం. తరువాత ఒక పెద్దాయన మా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, మా పాట వాళ్లకు అక్కర్లేదా?" అన్నారు. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

ఆ వారమే వేదిక అంచున సంఘం వైపు తిప్పి ఒక మైకు పెట్టాం. దాన్ని హాలు స్పీకర్లలోకి ఎంతమాత్రమూ పంపకూడదు. పంపితే కూత తప్పదు. చెవి మిక్స్‌లలోకి మాత్రమే పంపాలి. ఎనిమిదో నాబ్ దానిదే, తెల్ల టేపు మీద "సంఘం" అని రాసి అంటించాం. యాప్‌లో ఆ నాబ్ పూర్తిగా సున్నాకు దిగకుండా కింది హద్దు కూడా పెట్టాం. కొందరు యౌవనస్థులు సణిగారు. ఈ ఒక్క విషయంలో మేము లొంగలేదు.

ఈ మైకు చెవుల ఆరోగ్యానికీ కావాలి. ఒంటరిగా అనిపించినవాడు ఒక చెవిలోది తీసేస్తాడు, రెండో చెవిలో శబ్దం పెంచుతాడు. వినికిడికి అంతకంటే చెడ్డ అలవాటు లేదు. అమెరికా ప్రభుత్వ వృత్తిభద్రతా పరిశోధన సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు ఎనిమిది గంటలు భరించవచ్చు. ఆపైన మూడు డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగమవుతుంది. 100 డెసిబెల్స్ దగ్గర మిగిలేది 15 నిమిషాలే, అంటే మన మొదటి మూడు పాటలు. చెవిలో హోరు మొదలైన తరువాత అది పోతుందన్న హామీ లేదు. పోయిన వినికిడి తిరిగి రాదు.

కాబట్టి ప్రతి ఆక్స్ మీద లిమిటర్ పెట్టండి. ఎక్స్‌ఆర్18లో ఆక్స్ కంప్రెసర్‌ను ఎక్కువ నిష్పత్తిలో పెడితే ఆ పని చేస్తుంది. నాబ్‌లకు పై హద్దు కూడా పెట్టండి. అయితే నడుముకు తగిలించే యాంప్లిఫైయర్ మీది వాల్యూమ్ ఈ లిమిటర్ తరువాత వస్తుంది. దాన్ని ఎవరైనా పెంచితే పైన పెట్టిన కాపలా అంతా వ్యర్థం. శనివారం సాధనలో సౌండ్ చూసేవాడు, వాయించేవాడు కలిసి ఆ వాల్యూమ్‌ను ఒక చోట నిలిపి టేపు వేయాలి. తరువాత పెంచడం, తగ్గించడం నాబ్ పెట్టె మీదే.

కరెంటు సంగతి మనకు తెలియనిది కాదు. మిక్సర్, రౌటర్ రెండూ యూపీఎస్ మీద ఉండాలి. కరెంటు పోయి వచ్చినప్పుడు పుట్టే టప్పుమనే శబ్దం సూటిగా చెవిలోకే పోతుంది. వైఫై తెగిపోతే మాత్రం కంగారు పడనక్కరలేదు. నాబ్‌లు పని చేయవు గాని, చివరిగా పెట్టిన మిక్స్ మిక్సర్‌లోనే ఉంటుంది, పాట ఆగదు. రౌటర్‌ను సంఘస్థుల ఫోన్లకు ఇవ్వకుండా మిక్సర్‌కే ఉంచండి.

ఒకేసారి ఆరు పెట్టెలు కొనమని మేము ఏ సంఘానికీ చెప్పం. డోలక్ వాయించేవారికి ఒకటి, కీబోర్డు వాయించేవారికి ఒకటి చాలు. పాడేవారు ఫోన్‌తో సర్దుకుంటారు. రెండు నెలలు వాడి చూసి, మూడోది అవసరమో కాదో అప్పుడు బృందాన్నే అడగండి. సంఘం మైకు మాత్రం మొదటి వారమే పెట్టండి.